ఏ లైన్ల తప్పున్నదో చూపియ్యండి

భాగ్య ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడకు ఆనుకుని ఉండేది. గోడ కూలిన చోట ఒక సందు. అందులోంచి దూరితే లెక్కల డిపార్ట్‌మెంటుకు నడిచి పోవచ్చు. ఆ బస్తీ నుంచి పొద్దున్నే ఎంతోమంది ఆ సందులోంచి దూరేవాళ్లు, మెస్సుల్లో అంట్లు తోమడానికి, చెట్లకు నీళ్లు పట్టడానికి. పుస్తకాలు పట్టుకుని దూరేవాళ్లు తక్కువ. తొంభై మూడులో ఎమ్మెస్సీలో చేరిన భాగ్య ఆ తక్కువమందిలో ఒకతె. తండ్రి భీమయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. తల్లి లింగమ్మ లేడీస్ హాస్టల్ మెస్సులో కూరగాయలు కోసేది.

జామెట్రీ పేపరు చెప్పే సుబ్బరాయుడు గారు మొదటి రోజే తన షరతులు చెప్పేశారు. బొమ్మ చూసి చెప్పింది రుజువు కాదు. కారణం రాయని వాక్యానికి మార్కు లేదు. ముందే నిరూపించినదాన్ని వాడుకోవచ్చు, లేనిదాన్ని వాడకూడదు. భాగ్యకు ఈ షరతులు తెగ నచ్చాయి. ఎవరి బిడ్డవు, ఏ మీడియంలో చదివావు అని ఇక్కడ ఎవరూ అడగరు, కారణం ఉందా లేదా అని మాత్రమే అడుగుతారు అనుకుంది.

పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం వేరే షరతు ఒకటి నడిచేది. సారు ఏళ్లుగా చెబుతున్న నోట్సు ఉంది. సీనియర్ల నుంచి జూనియర్లకు దిగుతూ వచ్చేది, తార్నాకలో జిరాక్స్ షాపువాడి దగ్గర ఒక కట్ట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. రాసింది నోట్సుతో కలిస్తే మార్కులు, కలవకపోతే సున్నా. ఈ సంగతి అందరికీ తెలుసు. అడిగినవాళ్లు లేరు.

ఇంటర్నల్ పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. త్రిభుజంలో ఒక్కో మూల నుంచి ఎదుటి భుజానికి గీసిన లంబాలు మూడూ ఒకే బిందువులో కలుస్తాయని నిరూపించమన్నారు. నోట్సులో దీనికి రెండు పేజీల సమీకరణాలున్నాయి. భాగ్య అవి రాయలేదు. ఒక్కో మూల మీదుగా ఎదుటి భుజానికి సమాంతరంగా గీత గీసింది. చిన్న త్రిభుజం చుట్టూ పెద్ద త్రిభుజం ఏర్పడింది. చిన్నదాని లంబాలు, పెద్దదాని భుజాలను సరిగ్గా సగం చేస్తూ నిలబడ్డాయి. అలాంటి గీతలు మూడూ ఒకచోట కలుస్తాయని క్లాసులో ముందే నిరూపించారు. అర పేజీలో పని అయిపోయింది.

పేపరు మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. మొత్తం ముప్పైకి తొమ్మిది. పాస్ కావాలంటే పన్నెండు. ఫెయిలైతే ఈ పేపరు కోసం ఇంకో ఏడాది.

భాగ్య సారు గదికి పోయింది. ఆయన పేపరు చూడకుండానే విషయం తేల్చేశారు.

"మూడు మార్కులేగా తక్కువైంది. గ్రేస్ వేస్తాను, వెళ్లమ్మా. మీవాళ్లకు పాసైతే చాలు కదా."

గదిలో ఇంకో ఇద్దరు లెక్చరర్లు టీ తాగుతున్నారు. వాళ్లకు ఈ మాటలో వింతేమీ కనిపించలేదు. సారు గొంతులో కోపం కూడా లేదు. దయగానే అన్నారు. ఆ దయే భాగ్యను కాల్చింది.

"మావాళ్లకు ఏం చాలో మీరెట్ల చెప్తరు సార్? నాకు గ్రేస్ వద్దు. ఏ లైన్ల తప్పున్నదో చూపియ్యండి. ఉంటే ఫెయిల్ చెయ్యండి."

ఇది నోట్సులో పద్ధతి కాదన్నారాయన. నోట్సులో లేకపోతే తప్పయిపోతుందా అని ఆమె అడిగింది. ఆయన పేపరు తెరవకుండానే ఆమె వైపు తోశారు.

సంగతి విని లింగమ్మ తల పట్టుకుంది. సారు ఇస్తానంటే వద్దనే పిల్లను ఎక్కడా చూడలేదంది. అది దానమవుతుందని, తాను పని చేసే రాశానని భాగ్య చెప్పబోయింది.

"నేను గూడ మెస్సుల రోజు పనే చేస్తున్న. ఎన్నడన్న అడగనిచ్చిన్రా బిడ్డా?" అంది లింగమ్మ. తెల్లారి భాగ్య బయల్దేరుతుంటే మాత్రం దువ్వెన తెచ్చి చేతిలో పెట్టింది. "తల సక్కగ దువ్వుకొని పో. అడిగేటోళ్లు ఆగమాగం ఉండొద్దు."

క్లాసులో పరుశురాం ఉండేవాడు. వయసులో పెద్దవాడు, విద్యార్థి సంఘంలో తిరిగేవాడు. తార్నాకలో ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి భాగ్యకు తన పథకం చెప్పాడు. సారు గది ముందు ఘెరావ్, నినాదాలు, పేపరువాళ్లకు కబురు. ఇది నూటికి నూరుపాళ్లు కులవివక్ష అన్నాడు. భాగ్య కాదనలేదు.

"నినాదాలిస్తే ఏమైతదన్నా? భయపడి పాస్ చేస్తడు. గ్రేసే మళ్ల, జర పెద్ద గ్రేసు. నాకు బోర్డు గావాలె. సారు క్లాసుల, అందరి ముందట."

పరుశురాంకు మొదట ఇది చప్పగా అనిపించింది. అయినా పదిమందిని వెంటేసుకుని డిపార్ట్‌మెంటు హెడ్ దగ్గరికి పోయి, భాగ్యను క్లాసులో బోర్డు మీద రాయనివ్వమని అడిగాడు. కబురు అందాక సుబ్బరాయుడు గారికి రోషం వచ్చింది. తప్పు అందరిముందే చూపిస్తానన్నారు.

గురువారం క్లాసులో భాగ్య బోర్డు మీద తన రుజువు మొత్తం రాసింది. గీతలు తిన్నగా వచ్చాయి. సారు వెనక బెంచీ దగ్గర నిలబడి, ఆ అర పేజీని బహుశా మొదటిసారి చదివారు. తర్వాత బోర్డు దగ్గరికి వచ్చి సుద్దముక్కతో ఒక చోట చూపించారు.

"పెద్ద త్రిభుజం భుజానికి ఈ మూల సరిగ్గా మధ్యలో ఉందన్నావు. ఎవరు చెప్పారు?"

భాగ్య బోర్డు వంక చూసింది. "బొమ్మల కనవడుతున్నది సార్."

క్లాసు గొల్లుమంది. మొదటి రోజు షరతు అందరికీ గుర్తుంది. భాగ్య చెవులు వేడెక్కాయి. నిజమే, అక్కడ కారణం రాయలేదు. పరీక్షలోనూ రాయలేదు. ఆమె వెనక్కి తిరిగి బొమ్మలో రెండు సమాంతర చతుర్భుజాలు చూపించింది. వాటి ఎదుటి భుజాలు సమానం, మూలకు అటూ ఇటూ ఉన్న ముక్కలు రెండూ చిన్న త్రిభుజం అడుగు భుజమంతే పొడవు, కాబట్టి మూల మధ్యలోనే ఉంది. రెండు వాక్యాలు రాసి సుద్ద కింద పెట్టింది.

ఇప్పుడు సరిపోయిందన్నారు సారు. కానీ పేపరులో ఇది లేదు కదా అన్నారు.

"లేదు సార్. దానికెన్ని పోతయి?"

"రెండు."

"అయితే రెండే తీసెయ్యండి. పది ఎట్ల తీసిన్రు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దమనసు చేసుకున్నట్టుగా, పోనీ పదికి పది వేస్తాను, ఈ గొడవ ఇంతటితో వదిలెయ్యమన్నారు సారు. భాగ్య ఒప్పుకోలేదు. రెండు తీసెయ్యాల్సిందే, ఎందుకు తీశారో ఆ లైను పక్కన రాయాల్సిందే అంది. తన సర్వీసులో ఆయన పేపరు మీద అంకె తప్ప అక్షరం రాసి ఎరగరు. చివరికి పెన్ను తీశారు. మధ్య బిందువుకు కారణం ఇవ్వలేదు అని రాసి, సున్నా కొట్టేసి ఎనిమిది వేశారు.

ఆయన పెన్ను మూసేలోపే ముందు బెంచీ పిల్ల తన పేపరు తెచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకో నలుగురు. పరుశురాం మాత్రం తన పేపరు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. అతనికి ఆ ప్రశ్నకు పదికి పది వచ్చాయి.

"నువ్వు రావా అన్నా?" అంది భాగ్య.

"నోట్సు దించిన చెల్లె. పదికి పది ఎందుకియ్యాల్నో చెప్పమని సారే నన్నడిగితే సచ్చినట్టే."

సుబ్బరాయుడు గారు మారిపోయారని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ తర్వాత ఆయన భాగ్యతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కానీ తర్వాతి పరీక్ష పేపర్లలో ఎర్ర అంకెల పక్కన చిన్న చిన్న మాటలు కనిపించాయి. ఆయన దయతో వచ్చినవి కావవి. గుమ్మం దగ్గర పిల్లలు పేపర్లు పట్టుకుని నిలబడతారని తెలిసి వచ్చినవి.

ఆ గురువారం సాయంత్రం లింగమ్మ మెస్సు నుంచి వచ్చి, చేతులు కడుక్కోకముందే ఏమైందని అడిగింది. పదికి ఎనిమిది అని చెప్పింది భాగ్య.

"మరి ఆ రెండు?"

"అవి నా తప్పుకు పోయినయే అవ్వా."

"నీదే తప్పని ఎవలు చెప్పిన్రు?"

"సారే. నేనే చెప్పించిన."