రెండోసారి తియ్యనియ్యని రక్తం

ఐలయ్యను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చింది రాజవ్వ కాదు. నేను.

ఈ ఒక్క ముక్క నోట్లె పెట్టుకొని ఏండ్లు మోసిన. అన్నం తినేటప్పుడు అడ్డం వచ్చేది, నలుగురిలో నవ్వేటప్పుడు అడ్డం వచ్చేది. మింగిన అనుకున్న ప్రతిసారి మళ్ల పైకొచ్చేది. మీరెవరో నాకు తెల్వదు, నా పేరు మీకు అవసరం లేదు. తెలిసినోళ్లకు చెప్పినంక ఇంకెవరికి చెప్పాలె అని చూస్తే మీరు కనబడ్డరు. జర ఓపిక పట్టి వినుండ్రి.

నేను ఏడో తరగతితో బడి బంద్ చేసిన మనిషిని. వరంగల్ మిర్చి యార్డుల, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంల గుమాస్తాగా బతుకు గడిచింది. చదువు మీద కసి మాత్రం పోలేదు. మందు డబ్బాలల్ల మడతపెట్టి ఉండే కాయితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్న. పాత పుస్తకాల బండి మీద దొరికిన వైద్యం పుస్తకాలు, పేపర్లల్ల వచ్చే ఆరోగ్యం పేజీలు, ఒక్కటి విడిచిపెట్టలేదు. యార్డుల ఎవరికి ఏ పరీక్ష చేసినా కాయితం పట్టుకొని నా దగ్గరికే వచ్చేటోళ్లు. డాక్టర్లు చెప్పరు గదా. వాళ్లకు చెప్పే టైము ఉండదు, మనకు అడిగే ధైర్యం ఉండదు. ఆ నడుమ ఉన్న ఖాళీ జాగల నేను కుర్చీ వేసుకొని కూసున్న. అందరు నన్ను డాక్టర్ సాబ్ అని ఎకసెక్కానికే పిలిచేటోళ్లు. నేను మాత్రం నిజమే అనుకున్న.

దవాఖానల మీద నా కోపం ఊరికెనే రాలేదు. నా భార్యకు కడుపునొప్పి వస్తే ఒక నర్సింగ్ హోంల గర్భసంచి తీసేసిన్రు. తీసినంక ఇంకో డాక్టరు చూసి, దీనికి ఆపరేషన్ అవసరమే లేకుండె అని మెల్లగ చెప్పిండు. ఆమె మళ్ల మునుపటి మనిషి కాలేదు. అప్పటి నుంచి తెల్లకోటు కనబడితే నాకు నెత్తురు మరిగేది. ఆ కోపం న్యాయమైనదే అని ఇప్పటికీ చెప్తా. కానీ న్యాయమైన కోపాన్ని తీసుకపోయి నేను ఎవరి మీద పెట్టిన?

రాజవ్వది రఘునాథపల్లి దిక్కు మా ఊరే. కులాలు వేరైనా ఊరి వరుసకు నాకు చెల్లె. తల్లిగారి తరఫున వరంగల్ల ఆమెకు ఉన్న మొగదిక్కు నేనొక్కన్నే. మంచికైనా చెడుకైనా, అన్న ఏమంటడో అని నా మొఖం చూసేది. ఆమె పెనిమిటి ఐలయ్య మా యార్డుల హమాలీ. నన్ను బావా అని పిలిచి ఏదో ఒక మాట అని ఉడికించకపోతే ఆయనకు పొద్దు పొయ్యేది కాదు.

మిర్చి సీజన్ల యార్డు సంగతి చూసినోళ్లకే తెలుస్తది. ఎండలు మొదలయ్యేసరికి ఎటు చూసినా ఎర్రటి కుప్పలు, బస్తాలు. గాలి పీలిస్తే ఛాతి మండుతది. అందరం దగ్గుతం, అందరికి చెమటలు, అందరికి ఆయాసం. ఛాతిల మంట మా దగ్గర రోగం కాదు, పనిలో ఒక భాగం. తువ్వాల ముక్కుకు కట్టుకుంటం, బెల్లం ముక్క నోట్లేసుకుంటం, బస్తా ఎత్తుతం. వేరే జాగల మనిషి ఛాతి పట్టుకుంటే పక్కోడు భయపడతడు. మా యార్డుల పట్టుకుంటే, ఏందిరా కొత్త పెండ్లికొడుకా, ఘాటెక్కిందా అని నవ్వుతరు.

ఆ ఏడు ఐలయ్య బస్తా ఎత్తుకొని కొంత దూరం పోయి ఆగేటోడు. ఛాతి మీద ఎవరో కూసున్నట్టున్నది బావా అనేటోడు. జరసేపు కుప్ప పక్కన కూలబడితే పోయేది. మళ్ల ఎత్తితే మళ్ల వచ్చేది. ఒక్కోసారి ఎడమ దవడ గుంజుతాంది అనేటోడు. పన్ను చూపించుకో అని చెప్పిన. ఘాటు, సోడా తాగు అని చెప్పిన. బరువు మోస్తే వచ్చుడు, కూసుంటే పోవుడు. ఘాటు అట్ల చెయ్యదు. ఘాటు కూసున్నోన్ని కూడా విడిచిపెట్టదు. మిర్చిల పుట్టి మిర్చిల ముసలోన్నైన నాకు ఇంత చిన్న తేడా తట్టాలె గదా? తట్టలేదా, లేకపోతే తట్టినా పక్కకు నెట్టేసిన్నా? డాక్టర్ సాబ్ ఒకసారి ఘాటు అని చెప్పినంక అది ఇంకొకటి ఎట్లయితది అనే పొగరు నాకు ఉండె. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

ఒకనాడు పొద్దున ఇంట్లె కూసున్నకాడనే ఐలయ్యకు ఛాతి బిగబట్టింది. ఒళ్లంత చల్లటి చెమట. రాజవ్వ ఆటోల వేసుకొని హనుమకొండల ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయి, అక్కడి నుంచి నాకు ఫోన్ చేసింది. నేను పోయేసరికి నొప్పి తగ్గి ఆయన లేచి కూసున్నడు. ఈసీజీ తీసిన్రు. రక్తం తీసి గుండె పరీక్ష చేసిన్రు. డాక్టరమ్మ చిన్నపిల్ల. రెండూ బాగనే ఉన్నయి కానీ సాయంత్రం దాకా ఉంచాలె, మళ్లొకసారి రక్తం తీసి చూడాలె, తర్వాత ఎకో అని గుండె స్కానింగు కూడా చేయాలె అని చెప్పింది. చెప్పి ఇంకో మంచం దిక్కు పోయింది. ఎందుకు మళ్ల తీయాలెనో చెప్పలేదు.

చెప్పలేదు. నేను అడగలేదు. ఏండ్ల తరబడి మొదటి మాటనే నెమరేసుకున్న, రెండో మాటను కాదు.

ఈసీజీ కాయితం తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టి చూసిన. మీద మిషిన్ కొట్టిన అక్షరాలు చదివిన. నార్మల్. నా ఒళ్లు పొంగింది. ఈ దవాఖాన దొంగలను పట్టుకున్న, అనుకున్న.

"ఏం బావా, నా గుండె పాసా ఫెయిలా?" అని ఐలయ్య నవ్విండు.

"ఫస్టు క్లాసు. లేచి అంగి తొడుక్కో."

రాజవ్వ నా పక్కకు వచ్చి మెల్లగ, "ఉండుమంటాంది గదా అన్నా ఆ పిల్ల. పొద్దు గూకే దాకా ఉందాం. ఏం పోతది?" అన్నది.

"ఒకసారి మంచిగ వచ్చిన పరీక్షను రెండోసారి ఎందుకు చేస్తరే? వీళ్ల సంగతి నాకు తెల్వదా? మీ వదినకు ఏం చేసిన్రో మరిచినవా? కాయితం మీద ఉన్నది నాకు చదవ రాదంటవా?"

"నీకు రాదని ఎవరన్నరన్నా. నాకు భయమైతాంది."

"భయం నీది. చదువు నాది. పోదాం పా."

ఈ మాట నేనన్నదే. అక్షరం కూడా మారలేదు. ఎట్ల మారుతది, రోజూ వింటాన గదా.

మా ఇష్టంతోనే తీసుకపోతానం అని కాయితం మీద ఇంటోళ్ల సంతకం కావాలె అన్నది నర్సు. భార్య పెట్టాలె అన్నది. ఆ మాట నాకు కలిసొచ్చింది. రాజవ్వకు చదువు రాదు. ఆమె చెయ్యి పట్టి నేనే వేలిముద్ర వేయించిన. ఆమె వేలు వెనకకు గుంజుకున్నట్టు నాకు తెలిసింది. అయినా ఒత్తిన.

ఆనాడే పొద్దు గూకేటప్పుడు, ఇంటి ముందట మంచం మీద చాయ్ తాగుతా ఐలయ్య పక్కకు ఒరిగిండు. అంతే.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, స్వరూప. అప్పుడు ఏటూరునాగారంల అత్తగారింట్ల ఉండె. తండ్రి మొఖం చివరికి చూసింది గానీ ఏం జరిగిందో ఆమెకు ఎవరు చెప్తరు? దవాఖాన్ల ఉన్నది మేం ముగ్గురమే. ఒకాయన పోయిండు. మిగిలింది ఇద్దరం.

దినాల నాడు, మా దిక్కు ఆచారం ప్రకారం తల్లిగారి తరఫున చీర తీసుకపోయి ఆమె ఒళ్లె పెట్టవలసింది నేనే. పెట్టిన. అందరు చూస్తాన్రు. ఐలయ్య సొంత అన్న లేచి, గట్టిగానే అడిగిండు. "డాక్టర్లు ఉండుమంటే మనిషిని లేపుకొచ్చింది ఎవలు?"

రాజవ్వ నా దిక్కు చూసింది. ఎంతసేపో కాదు, ఒక్క చూపు. నేను ఆమె ఒళ్లె ఉన్న చీర అంచును చూస్తున్న.

"నేనే తీసుకొచ్చిన," అన్నది. "వేలు పెట్టింది నేనే గదా."

ఎందుకట్ల అన్నది? నా పేరు చెప్తే అక్కడనే రెండు దిక్కుల వాళ్లు కొట్టుకుంటరని. తల్లిగారి ఊరు పేరు పోతదని. లేదా నాకు ఒక అవకాశం ఇచ్చిందా, నువ్వు లేచి చెప్తవా అన్నా అని? నేను చెప్పొచ్చుండె. నోరు తెరిస్తే అయిపోయేది. నేను ఒళ్లె చీర పెట్టిన చేతులను పంచెకు తుడుచుకొని కూసున్న.

స్వరూప ఆనాడు తల్లి మొఖం మీదనే అన్నది, నాయినను నువ్వే చంపినవ్ అని. ఆ తర్వాత రాకపోకలు బంద్. మనుమరాలి ఓణీల ఫంక్షనుకు కూడా రాజవ్వను పిలవలేదు. నన్ను పిలిచిన్రు. స్వరూపకు మేనమామ వరుస గదా. నేను పోయిన. భోజనం చేసిన కూడా.

కొద్ది రోజులకే నా పుస్తకంలనే ఆ పేజీ కనబడ్డది. అంతకు ముందు ఎన్నోసార్లు దాటేసిన పేజీ. గుండెకు రక్తం సరిగ అందకున్నా నొప్పి లేని టైముల ఈసీజీ మంచిగనే రావొచ్చట. గుండె కండ దెబ్బతింటే ఒక పదార్థం రక్తంలకు వస్తది, కానీ అది కనబడడానికి కొన్ని గంటలు పడుతదట. అందుకే ఒకసారి తీసి, కొంతసేపు ఆగి మళ్ల తీస్తరట. మొదటిసారి మంచిగ వచ్చిందంటే ఏం లేదని కాదు, ఇంకా తెల్వదని. ఆ చిన్న డాక్టరమ్మ చెప్పబోయింది ఇదే. రెండో పరీక్ష మొదటిదానికి నకలు కాదు. అసలు సంగతి చెప్పేది అదే. ఆనాడు దవాఖాన్ల ఉంటే ఐలయ్య బతికేటోడా? ఏమో, ఖాయంగ చెప్పలేను. బతికే దారి మాత్రం ఉండె. ఆ దారికి నేను తలుపు వేసిన.

తెల్వక చేసిన అనే సాకు ఆ పేజీతోనే పోయింది. అప్పుడైనా పోయి చెప్పిన్నా? చెప్పలేదు. కండ్లు సరిగ కనబడతలేవని చెప్పి రిపోర్టులు చదువుడు బంద్ చేసిన. అదీ అబద్ధమే. ఐలయ్య పోయినంక రాజవ్వ యార్డుల తొడిమలు తీసే పనికి వచ్చేది. నా దుకాణం ముందటి నుంచే పోయేది. బాగున్నవా అన్నా అనేది. ఏనాడూ ఆ పిలుపు మానలేదు. తిడితే బాగుండు, ఉమ్మేస్తే బాగుండు అనిపించేది. బాగనే ఉన్న చెల్లే అని జవాబు ఇచ్చేటోన్ని.

ఇది మొన్నటి మాట. స్వరూప ఇప్పుడు హనుమకొండలనే ఉంటాంది. రాజవ్వకు బాగలేదని పక్కింటోళ్లు ఫోన్ చేస్తే, ఎన్నేండ్లు మాటల్లేకున్నా కన్నతల్లి గదా, పోయి దవాఖాన్ల చేర్పించింది. అక్కడి నుంచి నాకు ఫోన్. మామా, ఈసీజీ మంచిగనే ఉన్నదట, అయినా మళ్ల రక్తం తీస్తమంటాన్రు, అమ్మేమో ఇంటికి పోత అంటాంది, నువ్వొచ్చి చెప్పు అని. రాజవ్వకు ఛాతి నొప్పే లేదు. రెండు భుజాల నడుమ వెనక నొప్పి, కడుపుల తిప్పుడు, మెట్లు ఎక్కితే ఆయాసం. ఆడోళ్లకు గుండె జబ్బు ఒక్కోసారి ఇట్ల వేరే వేషంల వస్తదని కూడా ఆ పుస్తకంలనే ఉన్నది.

నేను పోయేసరికి రాజవ్వ కాళ్లు మంచం కిందికి పెట్టి చెప్పుల కోసం చూస్తాంది. స్వరూప తలుపుకు అడ్డం నిలబడి, నాయిననూ గిట్లనే లేపుకపోయినవ్, ఇప్పుడు నీ వంతా అన్నది. రాజవ్వ తల వంచుకున్నది. దినాల నాడు చూసినట్టు నా దిక్కు చూడలేదు. నా మీద ఆశ ఎప్పుడో వదులుకున్నట్టున్నది.

అప్పుడు చెప్పిన. నిలబడే చెప్పిన, కుర్చీ ఇచ్చినా కూసోలేదు. మీ నాయినను తీసుకొచ్చింది నేను, మీ అమ్మ ఉందామని బతిమాలింది, వేలు పట్టి నేనే ఒత్తించిన అని. డాక్టర్లు రెండోసారి రక్తం ఎందుకు తీస్తరో కూడా చెప్పిన. ఆ చెప్పేటప్పుడు నా గొంతుల మళ్ల డాక్టర్ సాబ్ పలికిండు. సిగ్గుతో ఆపేసిన.

స్వరూప తలుపు విడిచి మంచం దగ్గరికి వచ్చింది. తల్లి దిక్కు తిరిగి, "ఎందుకు చెప్పలేదే" అన్నది. రాజవ్వ చెప్పుల కోసం చూసుడు ఆపేసింది. కాళ్లు మళ్ల మంచం మీదికి పెట్టుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మాఫ్ చేసినట్టా, ఇక నన్ను చూడొద్దనా, నాకు అర్థం కాలేదు. అడిగే మొఖం లేదు. స్వరూప నన్ను ఇంటికి పొమ్మన్నది. పో అన్నది, అంతే. మామా అనలేదు.

నేను వరండాల ఉండంగనే నర్సు రక్తం తీసే సామాను పట్టుకొని లోపలికి పోయింది. ఏమొచ్చిందో నాకు తెల్వదు. స్వరూప ఫోన్ చెయ్యలేదు. నేను చెయ్యను. ఒకప్పుడు ఊరందరి కాయితాలు చదివిన మనిషిని, ఈ ఒక్క కాయితం మీద ఏం రాసి ఉన్నదో అడిగే హక్కు నాకు లేదు.

చెప్పినందుకు మంచోన్నైపోలేదు. ఐలయ్య లేడు. రాజవ్వ పోగొట్టుకున్న ఏండ్లు ఎవరు తెచ్చియ్యరు. ఒక్కటే తేడా. ఆ తల్లీబిడ్డలు ఇప్పుడు ఒక్క గదిల ఉన్నరు, వాళ్ల నడుమ నా అబద్ధం లేదు. దాని జాగల ఏమున్నదో నాకు తెల్వదు.