ఏడు నూలు రబ్బరు కోసం డర్బన్ దాకా

శనివారం పొద్దున్న ఐదూ యాభైకే ఉమ్‌కోమాస్ స్టేషన్లో ఉన్నాను. రైలు ఆరూ పదికి. చేతిలో ముక్కుపొడుం డబ్బా. అందులో పొడుం లేదు, రూపాయి బిళ్ళంత నల్ల రబ్బరు గిన్నె ఒకటి ఉంది. కారు బ్రేకులోది. దాని జత ఎక్కడ దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, శనివారం దుకాణాలు ఒంటిగంటకి మూసేస్తారు.

నాకు కారు లేదు, నడపడమూ రాదు. ఆ కారు మా ఇంటివాళ్ళది. రాజమండ్రి కాగితం మిల్లులో కెమిస్టుగా చేసి, ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఎన్నికలై కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటేడు ఈ ఊరి కర్రగుజ్జు మిల్లు ల్యాబులో చేరాను. అప్పన్న అంకుల్ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఆయన చెరకు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. వాళ్ళ తాత విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కి ఈ చెరకు తోటల్లోకి కూలికి వచ్చాడట. అంకుల్ మాట్లాడేదంతా ఇంగ్లీషే, మధ్యలో నాలుగు తెలుగు ముక్కలు. ఆ ముక్కల్ని దిద్దడం నాకు ఆర్నెల్లుగా కాలక్షేపం.

ఆయన భార్య నూకమ్మ ఆంటీకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. సోమవారం పొద్దున్న ఏడింటికి డర్బన్ ఆస్పత్రిలో ఉండాలి. ఆ తేదీ కోసం నెలల తరబడి కాచుకున్నారు. తప్పితే మళ్ళీ వరస చివరికే. మొదటి రైలెక్కితే ఏడింటికి అందదు. మినీబస్సు ట్యాక్సీలవాళ్ళు ఆ రోజుల్లో దారుల కోసం ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటున్నారు. ఎక్కమంటే ఎక్కనంది ఆంటీ. ఇక మిగిలింది అంకుల్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మన అంబాసిడర్‌కి స్వయానా అన్న. గురువారం సాయంత్రం బ్రేకు తొక్కితే పెడలు కాస్తా నేలకంటింది. వెనక చక్రం సిలిండర్లో రబ్బరు పోయి బ్రేకు ఆయిలంతా కారిపోయింది.

అంకుల్ ఆంటీని ఒంటరిగా వదలలేడు కనక నేను వెళ్తానన్నాను. గేటు దగ్గర డబ్బా చేతిలో పెట్టి అంకుల్ అన్నాడు: "ఏడు నూలు, బాబూ. మరిసిపోకు. ఏడు నూలు."

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషులో బోల్టు మీది చుట్లని థ్రెడ్ అంటారు కదా, దాన్ని తెలుగు చేసి నూలంటున్నాడనుకున్నాను. "నూలు బట్ట నేయడానికి అంకుల్. బోల్టుకుండేవి మరలు. ఏడు మరలు అనండి," అని దిద్దాను.

ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. "యా, యా. ఏడు. బేగి ఎల్లు," అన్నాడు.

రైలు సముద్రం పక్కనే పోతుంది. ఈ దారిన వచ్చేవాళ్ళు కుడివైపు కిటికీ చూసుకోండి, చాలా బాగుంటుందని చెబుతారు. నాకైతే సముద్రం కంటే గడియారమే ఎక్కువ కనిపించింది. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, ఆగిన చోటల్లా నేను లేచి నిలబడతాను. ఎదుటి సీట్లో బుట్టతో ఉన్న జులూ ఆవిడ నా చేతిలో డబ్బా చూసి, "పొద్దున్నే ముక్కుపొడుమా? నాక్కూడా కాస్త," అని చెయ్యి చాపింది. మూత తీసి రబ్బరు చూపించాను. పడీ పడీ నవ్వింది. "ఇది పీలిస్తే తుమ్ము రాదు, చావొస్తుంది," అంది. నేనూ నవ్వానుగానీ కాలు ఆడించడం మానలేదు.

ఏడూ నలభైకి డర్బన్. నడుచుకుంటూ గ్రే స్ట్రీట్‌కి. దుకాణాలు ఎనిమిదిన్నరకి తెరుస్తారు. ఓ హోటల్లో టీ, రెండు సమోసాలు నిలబడే కానిచ్చాను. స్పేర్‌పార్టుల కొట్టు షట్టరు సగం లేవగానే కింద నుంచి దూరాను.

కౌంటర్ వెనక తెల్లగడ్డం పెద్దాయన. "మోరిస్ ఆక్స్‌ఫర్డా? ఏ సిరీసు?"

"నీలం రంగుది," అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "బోరు ఎంత? సిలిండర్ లోపలి కొలత."

"అది తెలీదు. ఏడు థ్రెడ్లు అని చెప్పమన్నారు."

పాపం, ఆయన నా మాట నమ్మి బ్రేకు పైపు చివరి నట్లు నాలుగైదు బల్ల మీద పోసి మరలు లెక్కపెట్టాడు. తొమ్మిది, పదకొండు, ఎనిమిది. ఏడు మరలది ఒక్కటీ లేదు. "నలభై ఏళ్ళుగా ఈ కౌంటర్లో ఉన్నాను. రబ్బరుని మరలతో అడిగినవాడు నువ్వే మొదలు," అన్నాడు. ఎలాగూ అంత పాత కారు సరుకు ఆయన దగ్గర లేదు. ఊరి శివారు గ్రీన్‌వుడ్ పార్కులో మిసెస్ నాయుడు అని ఒకావిడ ఉందనీ, ఆమె భర్త పోయాక కొట్టు మూసేసి మిగిలిన సరుకు ఇంటి గరాజులో పెట్టుకుందనీ చెప్పి చీటీ మీద అడ్రసు రాసి, ఆమెకి ఫోను కూడా చేశాడు. "పన్నెండింటికి పెళ్ళికి పోతుందట. ఈలోపే వెళ్ళు," అన్నాడు.

అప్పటికి తొమ్మిదీ పది. ట్యాక్సీ నిండితేగానీ కదలదు. పదిహేనుమందికి పదకొండుమందిమయ్యాం, ఇంకా నలుగురు కావాలి. మిగతా నాలుగు సీట్ల డబ్బూ నేనే ఇస్తానన్నాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "నీకు కొడుకు పుడుతున్నాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. పది గంటలకి కదిలింది. నేను తప్పు మలుపు దగ్గర దిగి, గుట్టెక్కి, మళ్ళీ దిగి, ఆ ఇంటి గేటు తట్టేసరికి పదకొండూ ఇరవై అయింది.

మిసెస్ నాయుడు అప్పటికే పట్టుచీర కట్టేసుకుంది. అరవై దాటిన మనిషి. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గరాజు తెరిచింది. లోపల నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. ఆక్స్‌ఫర్డ్ అనగానే తడుముకోకుండా మూడు చిన్న పెట్టెలు దించింది. "ముప్పావు ఇంచి, ఎనిమిదింట ఏడొంతుల ఇంచి, ఒక ఇంచి. ఒక్కోటీ ఒక్కటే ఉంది. నీకేది?"

డబ్బాలో రబ్బరు తీసి ఇంచి రబ్బరు మీద పెట్టాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. అదే ఇమ్మన్నాను, డబ్బిచ్చాను, పెట్టె జేబులో వేసుకున్నాను. ఒకటింపావు రైలు దొరుకుతుందన్న సంబరం. గేటు దగ్గర నా నోరు ఊరుకోలేదు. "మా అంకుల్ తెలుగు మరిచిపోయాడండీ. థ్రెడ్డుని నూలంటాడు. ఏడు నూలు, ఏడు నూలు అని ఒకటే గోల," అన్నాను, ఆవిడా నవ్వుతుందని.

ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపింది. "ఆ పెట్టె ఇలా తే."

నా పాత రబ్బరు తీసుకుని వేళ్ళ మధ్య నొక్కింది. అది మెత్తగా అణిగింది. "చూడు, నానేసిన సెనగలా ఉబ్బింది. ఎవడో బ్రేకులో ఇంజనాయిలు పోశాడు. దీన్ని కొలిచి కొత్తది కొంటే సిలిండర్లో దూరనైనా దూరదు."

"మరి నూలు?"

"మా తాత కార్పెంటరు. నాకు తెలుగు రాదు బాబూ, రెండు పాటలు, నాలుగు తిట్లు, ఇదొక్కటి. ఇంచికి ఎనిమిది నూలు. ఏడు నూలంటే ఇంచిలో ఎనిమిదింట ఏడొంతులు. మీ అంకుల్ సిలిండరు లోపల కొలిచి చెప్పాడు నీకు." మధ్య పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "ఇండియా నుంచి వచ్చావు. నూలు తెలీదా నీకు?"

తెలీదు. మా ఇంటికి తలుపులు చేసిన వడ్రంగి వందసార్లు అనే ఉంటాడు. నేను అప్పుడు పక్కగదిలో చదువుకుంటున్నాను కాబోలు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. ఆవిడ గేటు దగ్గర మా అంకుల్‌ని వెక్కిరించకపోయి ఉంటే, ఆ ఇంచి రబ్బరే పట్టుకుని పోయేవాణ్ణి. ఆదివారం దుకాణాలుండవు. సోమవారం ఆంటీ తేదీ పోయేది.

తిరుగు ట్యాక్సీ నిండి కదిలేసరికి ఒకటింపావు రైలు తప్పింది. నాలుగింటి రైలు దాకా స్టేషన్ దగ్గర కూర్చుని, రొట్టె తొలిచి కూర పోసిచ్చే బనీ చౌ ఒకటి తిన్నాను. సగం రొట్టె చాలు, మొత్తం చెప్పకండి. ఐదు నిమిషాలకోసారి జేబు తడిమి చూసుకున్నాను.

ఐదున్నరకి ఉమ్‌కోమాస్‌లో దిగితే అంకుల్, ఆంటీ ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. ఆంటీ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచొచ్చింది. పెట్టె అంకుల్‌కివ్వబోతే ఆమే చెయ్యి చాపి అందుకుంది. రబ్బరు తీసి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య తిప్పింది. ఆయన కారు కింద దూరినప్పుడల్లా సామాను అందించేది ఆవిడేనట.

"ఏడు నూలే," అంది.

"తప్పంతా నాది అంకుల్. పొద్దున్న మిమ్మల్ని దిద్దాను," అన్నాను.

"నువ్వు సదువుకున్నోడివి గదా," అన్నాడాయన, నా భుజం తట్టి. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే నాకు ఇంకా గుచ్చుకుంది.

ఆదివారం పొద్దుటి నుంచీ అంకుల్ కారు కింద, ఆంటీ పక్కన స్టూలు మీద. పైపుల్లో గాలి పోయేదాకా పెడలు తొక్కి వదిలే పని నాది. నాలుగింటికి ముగ్గురం ఎక్కాం. సముద్రం వైపు దిగే వాలు మొదట్లో ఆపి, అంకుల్ కారుని వాలుకి వదిలేశాడు. కారు వేగం అందుకుంది. కింద రైలు గేటు కనిపిస్తోంది. నేను డాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన పాదం మెల్లగా, సమంగా నొక్కింది.

ఎక్కడా కుదుపు లేదు. గేటుకి ముందు ఇంకా బోలెడంత దారి మిగిలి ఉంది. వెనక సీట్లోంచి ఆంటీ ముందుకి వంగి నా భుజం పట్టుకుంది.

"ఆగిందేటి, బాబూ?"

"ఆగింది ఆంటీ," అన్నాను. ఆవిడ నా భుజం ఇంకా వదల్లేదు. మళ్ళీ చెప్పాను.