అట్లాసులో దొరకని దేశం నాణెం

ఇవాళ బీరువా సర్దుతుంటే అమ్మ కట్టిన పసుపుగుడ్డ ముడుపు బయటపడింది. విప్పితే, కిరీటం బొమ్మ ఉన్న ఆ విదేశీ నాణెం.

పూతలపట్టు కూడలిలో మా టీ అంగడికి వచ్చిన తెల్లాయన ఒకడు దాన్ని నాయనకు కానుకగా ఇచ్చాడు. నాకు జ్వరం ముదిరినప్పుడు అమ్మ దాన్నే ముడుపు కట్టి తిరుమల స్వామికి మొక్కింది. మూడో రోజుకు లేచి తిరిగాను.

హుండీలో వేద్దామంటే నాయన ఒప్పుకోలేదు.

"ఏ దేశందో తెలీకుండా స్వామికెట్టా ఇస్తాం మే? అది యాడుండాదో సూడనీ."

బడి తెరవగానే కొత్త అట్లాసు కొనేవాళ్లం, ఆ కాగితం వాసన గుర్తుందా మీకు? మా ఇంట్లో దాన్ని ముందు నాయనే తెరిచేవాడు. నాణెం మీది పేరు నాచేత చదివించి, పేజీ పేజీ వెతికించి, "ఈ ఏడు కూడా ఎయ్యలేదు" అని మూసేవాడు. అమ్మ మళ్లీ ముడి వేసేది.

ఇందాక ఫోనులో వెతికాను. ఎవరో తన పొలాన్నే దేశమని ప్రకటించుకుని, సరదాగా దాచుకునేవాళ్లకు అమ్మడానికి కొట్టించిన నాణెమట. నవ్వే ఓపిక కూడా లేకపోయింది. ఈ మాట చెబుదామంటే నాయనా లేడు, అమ్మా లేదు.

మోకాళ్లు సహకరించకపోయినా రేపు కొండకు పోతున్నాను. దేశం అబద్ధమైతే అయింది గానీ, నా జ్వరం మాత్రం నిజంగానే తగ్గింది.