అరంగుళం మాస్టారు

మా వీధి టైలరు ఎవరినైనా ముఖం కన్నా ముందు భుజం కుట్టు చూసి పలకరిస్తాడు. ఎంత బాగా కుట్టిన చొక్కాలోనైనా అరంగుళం తేడా పట్టేస్తాడు కాబట్టి అందరికీ అరంగుళం మాస్టారయ్యాడు. ఆయన కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని, అందులో బట్టతో నేసిన గొట్టం అమర్చాలని సర్జను చెప్పినప్పుడు, మాస్టారు నమూనా ముక్కను బొటనవేలితో రుద్ది, "నేత గట్టిదే, కానివ్వండి" అన్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే జ్వరం పట్టుకుంది. గొట్టానికి చీము పట్టి ఉంటే మళ్ళీ కొయ్యాలన్నారు. మాస్టారు ఎవరి బట్టలవంకా చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భార్య జ్వరానికన్నా దానికే ఎక్కువ భయపడింది.

మూడో రోజు వార్డు డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు తెచ్చింది. "చీము లేదమ్మా. కొత్త గొట్టం పరాయిదని ఒంట్లోని రక్షణ కణాలు గొడవ చేస్తున్నాయి. జ్వరం అందుకే. వారంలో సర్దుకుంటాయి."

"నేను కాపురానికొచ్చినప్పుడు మా అత్తగారింట్లోనూ ఇదే గొడవ. వాళ్ళకి నాలుగేళ్ళు పట్టింది," అంది భార్య. మాస్టారు దుప్పటి తలమీదకి లాక్కున్నాడు.

ఆరో రోజు ఉదయం డాక్టరమ్మ ఆయన నోట్లోంచి థర్మామీటరు తీసింది. మాస్టారు ఆమె తెల్లకోటు వంక కళ్ళు చికిలించి చూశాడు.

"ఇదెవరు కుట్టారమ్మా? ఎడమ భుజం అరంగుళం జారింది."

డాక్టరమ్మ థర్మామీటరు ఇంకా చూడనే లేదు. భార్య మంచం కింది సంచీ లాగి బట్టలు సర్దసాగింది.