ఇరవై అయిదో భాగానికి ఎర్రయ్య మావ వేసిన మార్కు

మా కింది వాటాలో ఒక ఆటో మెకానిక్ కాపురముంటున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కుళాయి దగ్గర కూర్చుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, రంపపు పొట్టుతో రుద్ది, ఆపైన బట్టల సబ్బుతో కడుక్కుంటాడు. నూనె, గ్రీసు, తడిసిన పొట్టు కలిసిన ఆ వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వస్తుంది. శ్రీకాకుళంలో ఈ ఇంటికి మారి ఆరు నెలలయింది. ఆరు నెలలుగా ఆ వాసనకి నాకు అన్నం సయించడం లేదు. నాకు అసహ్యమనుకుని మా ఆయన కిటికీ మూసేస్తాడు. నిజానికి నాకు వచ్చేది కోపం. ఎవరి మీదని అడిగితే ఎర్రయ్య మావ గురించి మొదటినుంచీ చెప్పుకురావాలి.

మాది నౌపడ దాటి సముద్రం వైపు వెళితే వచ్చే చిన్న రేవు ఊరు. ఎర్రయ్య మాకు చుట్టం కాదు. మా అయ్య ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ. పడవల వెనక తగిలించే ఇంజిన్లు బాగుచేయడం ఆయన పని. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం కదా, పడవలు ఒడ్డెక్కగానే ఊళ్ళో ఇంజిన్లన్నీ ఆయన షెడ్డుకి చేరేవి. నేను డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని పేరు పెట్టుకుని ఇంట్లో ఉన్న ఏడాది అది. చదివింది గాడిద గుడ్డు. లాప్‌టాప్‌లో జపాన్ వాళ్ళ మరమనుషుల బొమ్మల సీరియల్ చూస్తూ, ఒక్కో భాగానికి పదికి ఇన్నని మార్కులేసి, బ్లాగులో రాసుకునేదాన్ని. మొత్తం ఇరవై ఆరు భాగాలు. మా ఇంట్లో కరెంటు నిలిచేది కాదు, మావ షెడ్డులో ఇన్వర్టర్ ఉంది. అందుకని మధ్యాహ్నాలు అక్కడ చేరేదాన్ని.

మొదటి రోజు ఆయన చేతిలో స్పానర్‌తో నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏటే గుంటా అది? ఇంజినుకి కాళ్ళూ సేతులూ ఏటి?"

"మరమనిషి మావా. లోపల కుర్రాడు కూర్చుని నడుపుతాడు."

"ఉండు, సేతులు కడుక్కొనొస్తాను" అని వెళ్ళి కొబ్బరినూనె సీసా తీశాడు. ఆ తరవాత రోజూ అంతే. చేతులు తెల్లబడేదాకా లాప్‌టాప్ దగ్గరికి వచ్చేవాడు కాదు. తెర కింద పడే ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆ మొదటి భాగానికి నేను ఎనిమిది వేశాను, ఆయన రెండు.

"అంతెత్తు నుంచి దూకీసినాడు. ఇనప మోకాలు. దానికి గ్రీసు ఎవుడు పెట్టినాడు? ఒక్కడ్నైనా సూపించినారా?" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. నవ్వి, అదే మాట బ్లాగులో రాస్తే ఎక్కడెక్కడివాళ్ళో దాని మీద నాలుగు రోజులు కొట్టుకున్నారు.

ఆయనకు ముక్కు మీద కోపం. తొమ్మిదో భాగానికి నేను ఆరు వేశాను. ఇంటికెళ్ళాక నెట్‌లో చూస్తే అందరూ ఆహా ఓహో అంటున్నారు. ఆరు చెరిపి తొమ్మిది చేశాను. మర్నాడు రాసింది చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపేశాడు.

"నిన్న ఆరన్నావు గదే."

"అందరూ తొమ్మిదేశారు మావా."

"అందరూ ఏసినదే ఏసేదానికి మద్దిలోన నువ్వెందుకు? నీ కళ్ళు ఆలకి అద్దెకిచ్చీసినావా?"

అని లాప్‌టాప్ మూత దించేశాడు. రెండు రోజులు నా మొహం చూడలేదు. మూడో రోజు నేను తిరిగి ఆరు పెట్టి, ఎందుకు పెట్టానో నాలుగు వాక్యాలు రాసి వినిపిస్తే అప్పుడు చేతులు కడుక్కున్నాడు. అప్పట్నుంచి మాకొక కట్టుబాటు. భాగం అయిపోగానే మార్కు ముందు చెప్పాలి, కారణం వెంటనే చెప్పాలి, ఎవరేమన్నా దిద్దకూడదు. చదువుకున్న పదిహేనేళ్ళలో ఏ మాస్టారూ నాకు ఇంత సూటిగా ఇది నేర్పలేదు. నేర్చుకుని నేను వెలగబెట్టింది కూడా చెబుతాను.

నిషేధం ముగిసే నాటికి ఇరవై నాలుగు భాగాలయ్యాయి. ఆ ముందురోజు సాయంత్రం అయ్య మా ఇంజిను తీసుకుపోవడానికి షెడ్డుకొచ్చాడు. నేను లాప్‌టాప్ సంచి సర్దుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. సముద్రపు నీళ్ళు లోపలికి తోడి ఇంజిన్ని చల్లబరచడానికి ఒక రబ్బరు చక్రం ఉంటుంది. మావ దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు.

"రెక్కలు అరిగిపోనాయి బావా. ఇది నీళ్ళు తోడదు. కొత్తది ఎల్లుండికి విశాఖపట్నం నుంచి వస్తాది. అందాకా పడవ దింపకు."

"రేపు ఊరు ఊరంతా దిగతాది, నా పడవ ఒడ్డున ఉంటాదా? పాతదే బిగించీయి. ఒక్క పూటకి ఏటవుతాది? నాను సూసుకుంటాను."

మావ ఎంత చెప్పినా వినలేదు. ఆ పాతదే బిగించుకుని, ఇంజిను భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఈ మాటలన్నీ నేను రెండు చెవులా విన్నాను.

మర్నాడు నడిసముద్రంలో ఇంజిను కాలి బిగుసుకుపోయింది. అయ్య, చిన్నాన్న, ఇంకో ఇద్దరు గాలివాటుకి కొట్టుకుపోయారు. ఆ పగలూ ఆ రాత్రీ అమ్మ ఒడ్డున కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. తరవాతి రోజు వేరే ఊరి పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. నలుగురూ బతికారు. ఆ సాయంత్రమే రేవు దగ్గర తాటాకు పందిట్లో పెద్దలు కూర్చున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా అయ్య లేచి, "ఎర్రయ్య బావ అంతా బాగున్నాదనే ఇచ్చినాడు" అన్నాడు. కళ్ళార్పకుండా అన్నాడు.

పెద్దాయన ఎర్రయ్య మావ వైపు తిరిగాడు. "నువ్వేటంటావురా?"

"సక్రం మార్సాలనీసి సెప్పినాను. దింపొద్దన్నాను."

"ఎవులు విన్నారు?"

మావ తల తిప్పి జనాన్ని ఒకసారి చూశాడు. ఆడవాళ్ళ గుంపులో నేనున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. చావు తప్పి వచ్చిన అయ్య ఎదురుగా నిలబడ్డాడు. నాకు భయమేసింది. ఇంతకంటే గొప్ప కారణమేదీ నా దగ్గర లేదు. మావ "ఎవులూ నేరు" అన్నాడు. ఇకమీద ఎవరూ ఆయనకి ఇంజిను ఇవ్వకూడదని తీర్మానించారు. ఆయన చేత పదేళ్ళుగా ఇంజిన్లు బాగుచేయించుకున్నవాళ్ళే తలలూపారు. తిలాపాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికెడు నాది.

నాలుగో రోజు ఆయన సామాన్లు సర్దుతుంటే వెళ్ళాను. చెప్పాల్సింది చెప్పే ధైర్యం లేక లాప్‌టాప్ పట్టుకెళ్ళాను, సిగ్గులేనిదాన్ని. ఆయన చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. ఇరవై అయిదో భాగంలో ఏముంటుందో నాకు ముందు తెలియదు, ఒట్టు. యుద్ధంలో మరమనిషి ఆగిపోతుంది. దాన్ని బాగుచేసే ముసలాయన మీద అందరూ నేరం మోపుతారు. అప్పుడొక అమ్మాయి, సేనాపతి కూతురు, సభ మధ్యకొచ్చి, తప్పు మా నాన్నది అంటుంది. ముసలాయన పరువు దక్కుతుంది. ఆ మాటలు నేను తెలుగులో చెప్పలేదు. అయినా ఆయనకి అర్థమైంది.

"మార్కు సెప్పు" అన్నాడు.

"పది" అన్నాను. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నాది సున్నా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "మరమనిషి ఆకాశంలో ఎగిరితే నమ్మినాను. ఇది నమ్మనేను."

అని లేచి స్పానర్లు గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? బ్లాగులో ఆ భాగానికి పదికి పది వేసి, ఆ అమ్మాయి తెగువ గురించి రెండు పేజీలు రాశాను. కళ్ళు చెమర్చాయని ఎవరెవరో మెచ్చుకున్నారు. ఆ రాత తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆఖరి భాగం చూడలేదు. బ్లాగు చెరిపేశాను. అయ్యతో రెండేళ్ళు సరిగా మాట్లాడలేదు. ఎందుకో ఆయన అడగలేదు, తెలుసు కాబట్టి.

ఏడాది తరవాత నరసన్నపేటలో హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో మావని వెతికి పట్టుకున్నాను. సముద్రపు ఇంజిన్ల చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి, మోపెడ్లకు పంక్చర్లు వేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపి, టీ తెప్పించాడు. నేను కూర్చోలేదు.

"మావా, ఆరోజు నువ్వు అయ్యకి చెప్పింది నేను విన్నాను."

"తెలుసునే. గుమ్మంలోన సెప్పులేసుకుంటన్నావు. సూసినాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశావా? చూసి కూడా ఎవరూ లేరన్నావా? నన్నెందుకు పిలవలేదు?"

ఆయన ట్యూబుని నీళ్ళతొట్టిలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూస్తూ అన్నాడు. "పిలిసినాక నువ్వు తల దించీసుకుంటే? అది సూడనేననీసి పిలవనేదు."

వచ్చేదాన్ని మావా, అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. ఆయన ఎదురు చూడను కూడా లేదు, బుడగ దొరికిన చోట వేలు పెట్టుకుని పని చూసుకున్నాడు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. తప్పు నాదేనని ఎవరడిగినా ఒప్పుకుంటాను, అయ్యదని కూడా ఊళ్ళో అందరి ముందూ చెప్పాను, చెప్పవలసిన కాలం దాటిపోయాక. కానీ ఆ పందిట్లో ఆయన నా పేరు పెట్టి పిలిచి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్కటీ తెలుసుకోనివ్వకుండా పోయాడు. ఒక్కసారి పిలవాల్సింది మావా. తల దించుకుంటే దించుకునేదాన్ని.