ఏడు మగ్గులూ, మా బాబాయ్ గారూ

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, నేను చూసుకునే పెద్దావిడకు జావ తాగిస్తుంటే ఫోన్ మోగింది. దుబాయ్ కరామాలో బాబాయ్ గారి గదిలోనే ఉండే హైదరాబాద్ తమ్ముడు. "అక్కా, చాచా నమాజ్ చేస్కొని జర పండుకుంటనన్నడు. మళ్ల లేవలే" అన్నాడు. నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బాబాయ్ గారు నాకు చుట్టం కాదు. ఆయనది నెల్లూరు వైపు, మాది గోదావరి లంక. ఆయన ఐదు పూటలా నమాజు చేసేవారు, నేను వారం వారం చర్చికి వెళ్లేదాన్ని. మమ్మల్ని కలిపినవి ఏడు బీరు మగ్గులు. చదివేవారికి నవ్వు రావచ్చు. నాకూ మొదట్లో వచ్చింది.

ఫుజైరాలో ఒక జర్మనీ పెద్దాయన ఇంట్లో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. రాళ్ల క్వారీలో ఇంజినీరుగా చేసి అక్కడే ఉండిపోయిన మనిషి. కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆయన పోయారు. కూతురు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ, అల్మరాలో వరసగా ఉన్న ఏడు మగ్గులూ నా చేతిలో పెట్టింది. "నాన్న నీకే ఇమ్మన్నాడు" అంది. ఒక్కోటీ మన చెంబంత ఎత్తు, పైన లోహపు మూత. బొటనవేలితో నొక్కితే మూత లేస్తుంది. తొమ్మిదేళ్లు వాటి దుమ్ము తుడిచాను కాని, ఒక్కసారైనా తిరగేసి చూడలేదు.

అలాంటివి బోలెడు ధర పలుకుతాయని చర్చిలో ఎవరో అన్నారు. నాలో ఆశ పుట్టింది. ఇంటిపని మానేసి, రోగుల్ని చూసుకునే కోర్సు చెయ్యాలని నాకు ఎప్పటినుంచో ఉంది. కరామాలో పాత సామాన్ల దుకాణంలో మన తెలుగు పెద్దాయన ఒకరు ఉన్నారని తెలిసి, మగ్గుల్ని తువ్వాళ్లలో చుట్టుకుని బస్సెక్కాను.

"ఏందిమ్మా తెచ్చావు?" అన్నారు బాబాయ్ గారు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి.

"బీరు తాగే మగ్గులండి. మీరు ముట్టుకుంటారో లేదోనని..."

ఆయన సంచీ వైపు కూడా చూడలేదు. "నీకిచ్చినట్టు కాగితం ఉండాదా? లేదు గదా. ముందది రాయించుకో. నీ చేతిలో ఇట్టాంటి వస్తువు కనపడితే లోకం మొదట అడిగేది అదే."

జర్మనీ నుంచి ఆ కూతురు రాసి పంపిన కాగితాన్ని ఆయనే ప్రింటు తీసి నా సంచీలో పెట్టారు. ఆ తర్వాతే మగ్గుల్ని ముట్టుకున్నారు. ఒక్కోటీ తన చేతుల్తో కడిగి, తుడిచి బల్ల మీద పెట్టారు. "ఇందులో ఏం పోశారో నాకెందుకమ్మా. ఎవురు చేసుండారో అది కావాల నాకు" అన్నారు.

నెల రోజుల పాటు సెలవు మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచాయి. ఏసీ గుర్రుమంటూ ఉండేది, అద్దం తలుపు అవతల వీధి తెల్లగా కరిగిపోతున్నట్టు ఉండేది. ఆయన భూతద్దం పట్టుకుని నాకు నేర్పేవారు. గీతను గోటితో తడమమనేవారు. మట్టిలోనే చెక్కింది గోటికి తగులుతుంది, పైన అచ్చేసింది తగలదు. అడుగు అంచు అరిగిన తీరు చూడమనేవారు. నిజంగా వాడిన వస్తువు అంతటా ఒకేలా అరగదట. అలా చూసి ఐదింటిని పక్కన పెట్టేశారు. "ఇవి మొన్నమొన్నటివి. ఊరు చూడొచ్చినోళ్లు గుర్తుకు కొనుక్కుపొయ్యేటివి."

ఆరోది పల్చటి తెల్ల పింగాణీ. దాని మూత ఎత్తి, నోరు తన కంటికి ఆనించి, అడుగును కిటికీ వైపు తిప్పారు. చాలాసేపు కదల్లేదు. తర్వాత నాకిచ్చారు. నేనూ అలాగే చూశాను. ఉత్త తెలుపనుకున్న అడుగులో, వెలుతురు తగలగానే, మంచులోంచి వచ్చినట్టు ఒక బొమ్మ తేలింది. గుమ్మంలో నిలబడిన ఒకామె. దూరంగా కొండదారిలో వెళ్తున్న మనిషి. పింగాణీని కొన్నిచోట్ల పల్చగా, కొన్నిచోట్ల మందంగా పోసి చేసిన బొమ్మట. కిటికీ ముందునుంచి తియ్యగానే మాయమైపోయింది.

"తాగి ఖాళీ చేసినోడికే కనపడతాదమ్మా ఈమె" అన్నారు మెల్లగా. దానికి పెద్ద ధర రాదని, అప్పట్లో చాలా చేశారని చెప్పారు. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం మళ్లీ మళ్లీ చూశాం. ఆ మధ్యాహ్నం ఎంతసేపు గడిచిందో నాకిప్పటికీ తెలియదు.

ఏడోది బూడిదరంగు పెద్ద మగ్గు. దాని అడుగునున్న ముద్ర పట్టుకుని, పేరున్న పాత కార్ఖానాదని తేల్చారు. మంచి ధర వేసి, ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టారు. అబుదాబీలో ఒక యూరప్ ఆవిడ కొంటానంది. శనివారం వస్తానంది. నేనప్పటికే కోర్సు వాళ్లతో మాట్లాడేశాను.

అప్పుడు నేను షార్జాలో, అల్ నహ్దాలో పనిచేస్తున్నాను. గురువారం ఎండ మండిపోతుంటే ఆయన బస్సు దిగి మా బిల్డింగు కిందికి వచ్చారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"పొరపాటు చెప్పానమ్మా" అన్నారు. పిడి మొదట్లో పగులు ఉందట. ఎవరో నేర్పుగా పూడ్చి రంగు వేశారట. మూత కూడా దానిది కాదట, వేరే మగ్గుదట. తను తీసిపెట్టుకున్న ఫొటోలు మళ్లీ చూస్తుంటే అనుమానం వచ్చిందట. మగ్గును కిందికి తెప్పించి, వేలితో తట్టి వినిపించారు. ఖంగుమనాల్సింది టప్పుమంది.

"ఆవిడ కనిపెడుతుందాండీ?"

"కనిపెట్టలేదు. నాకే నెల పట్టింది."

"అయితే చెప్పకండి బాబాయ్ గారూ. మీకు దణ్ణం పెడతాను."

ఆయన తల వంచుకున్నారు. "వస్తువు నీది. నేనేం చెప్పనులే. నేను రాసిచ్చిన చీటీ మాత్రం నాకిచ్చెయ్ తల్లీ."

పైకి వెళ్లి చీటీ తెచ్చి, ఆయన చేతిలో పడేసినట్టు ఇచ్చాను. కనీసం మంచినీళ్లు తాగమని కూడా అనలేదు. ఆ సంగతి ఈరోజుకీ నన్ను పొడుస్తూనే ఉంది.

శనివారం ఆవిడ వచ్చింది. మగ్గు ఆవిడ చేతిలో పెట్టాను. దాచేద్దామనే అనుకున్నాను. ఆవిడ సంతోషంగా మూత ఎత్తుతుంటే మాత్రం నా నోరు దానంతటదే తెరుచుకుంది. అంతా చెప్పేశాను. ఆవిడ అనుకున్న దాంట్లో మూడో వంతుకు తీసుకుంది. నా కోర్సు ఏడాది వెనక్కి పోయింది. ఐదు నెలలు ఆయనకు ఫోన్ చెయ్యలేదు. చేశాక కూడా దుకాణం వైపు వెళ్లలేదు.

తర్వాత కోర్సు పూర్తయింది. సర్టిఫికెట్ చేతికి రాగానే నా కాళ్లు వాటంతటవే కరామా వైపు నడిచాయి. ఆయన పాత సంగతి ఎత్తలేదు. కాగితం తీసుకుని, బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి ముద్రను అటూ ఇటూ చూశారు. "అసలైందేనమ్మా" అన్నారు. ఇద్దరం నవ్వాం. నాకు ఏడుపూ వచ్చింది.

ఈ చలికాలంలో, ఆ మగ్గులు ఉన్న ఇల్లు చూడాలని ఆయన ముచ్చటపడితే ఫుజైరా తీసుకెళ్లాను. ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు ఉన్నారు. గేటు బయటనుంచే చూసి, ఒడ్డుకు నడిచాం. పొగమంచు కమ్ముకుని సముద్రమూ ఆకాశమూ కలిసిపోయాయి. ఆయిల్ నింపుకోవడానికి ఆగిన ఓడలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయి.

"అంత పెద్దవి చేసినోళ్లు పేరు యాడ రాసుకోనుంటారమ్మా?"

"అడుగునేనేమోనండి."

"అయితే చేపలే చదవాల" అని పకపకా నవ్వారు.

చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి నడిచారు. మోకాళ్ల లోతులో ఆగి, తల పక్కకు వాల్చి, కొంచెం కొంచెంగా కిందికి వంగారు, ఆ ఓడల అడుగులు ఇక్కడినుంచే కనిపిస్తాయన్నట్టు.