ఫోన్లో కరణం

"ఫోనియ్యే, తెప్ప కదుల్తన్నాది."

"ఉండు మావా, ఇంకో రవ్వ. ఆ కోడలు దొరికిపోతాది."

"సీరియల్లో కోడలికున్న పాటి ఇలువ నాకు లేదే," అని నవ్వి, సేతిలోంచి లాక్కుని ఎల్లిపోయేడు.

మా ఆయనకీ నాకూ ఆఖరి మాటలవే. బరువు ఆ మాటలది కాదు. వాటి ఎనకాల ఒకటున్నాది. ఏళ్ళ తరబడి గొంతులో సేపముల్లులాగ ఉన్నాది, మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు సెప్తన్నాను. రాస్తన్నది మా ఆడబిడ్డ కూతురు గౌరి. నాకు సంతకం దాకే వొచ్చు. రాయే పిల్లా, ఆగకు.

గౌరి బరంపురంలో కంప్యూటర్ సదివింది. గాలి లేస్తాదంటే మోగే యాప్ మా రామయ్యపట్నంలో అందరి ఫోన్లలోనూ పెట్టింది. మా ఫోను పాతది, లోపల సోటు తక్కువ. అందుకని దాని మీద తాళంకప్ప బొమ్మ పెట్టి, ఇది మాత్రం తియ్యకత్తా అన్నాది. ఏటే అంటే, ఫోను లోపల కెర్నెల్ అని ఒకడుంటాడంట. నాకు కరణం అని ఇనపడింది. ఇప్పటికీ కరణమే అంటాను, తప్పేటి? ఆడి బుద్ధీ అదే. ఒకే భూమి సెక్క పదిమందికి రాసిచ్చే రకం. ఏ యాప్ అడిగినా సోటుందంటాడు. అందరూ ఒక్కసారే దిగబడితే అప్పుడు సూసుకుంటాడు. లేదని ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. ఎక్కువ తింటన్నోడిని, కళ్ళముందు లేనోడిని ఒకడిని ఎంచి పీక నొక్కేస్తాడు, మిగిలినోళ్ళు బతకాలని. సెప్పడు, సప్పుడు సెయ్యడు. తాళం ఉన్నోడి జోలికి మాత్రం ఎల్లడు. బియ్యం డబ్బా నయం, నిండితే మూత పడదు, తెలిసిపోతాది.

ఆవేళ సీరియల్ ఆడదు. ఆ గుండ్రం బొమ్మ తిరుగుతానే ఉన్నాది. ఇసుగెత్తిపోయి, యాప్ మీద తాళం తీసి సీరియల్ మీద ఏసేను. అయ్యేక మార్సేద్దాం అనుకున్నాను. ఈలోగా ఆయన లాక్కుపోయేడు. ఆయన ఇసకలో నడుస్తన్నప్పుడే, తాళం మార్సలేదని నాకు గుర్తొచ్చింది. పిలవచ్చు. పిలిస్తే అందరి ముందూ తిడతాడని ఊరుకున్నాను. నాలుగు తిట్లు తింటే ఏటి పోను?

గాలి లేచింది. ఫోను మోగినోళ్ళు తిరిగొచ్చేసేరు. పక్క తెప్పోళ్ళు అరిసేరంట, ఆయనకి ఇనపడలేదు, వల లాగుతానే ఉన్నాడంట. శవం ఒడ్డుకొచ్చింది. ఫోను రాలేదు. మోగినా వొచ్చేవాడో లేదో. అలాగనుకుని కూడా కొన్నాళ్ళు బతికేను. అదీ నిలవలేదు.

ఊరంతా గౌరి మీద పడ్డారు, నీ సదువు మనిషిని మింగేసిందని. దినాలకొచ్చి నా పక్కన కూకుని అడిగింది.

"అత్తా, ఆ రోజు తాళం ఉందా?"

"ఉందే."

తాళం ఉంటే కరణం ముట్టడు కదా, మరి తప్పు తనదే అనుకుంది. బరంపురం పక్కన అంకులి ఎల్లిపోయింది, మా ఊరోళ్ళ ఫోను మళ్ళీ ముట్టలేదు. కరణాన్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది? నేను నిలబడ్డానికి ఈ పిల్లనే ఎంచేను. సప్పుడు సెయ్యలేదు.

ఇప్పుడూ సెప్పకపోదును. మొన్న మా మరిది కొత్త ఫోను కొన్నాడు. ఆ యాప్ పెట్టించుకోరా అన్నాను. అది అన్నని మింగిన శని వదినా, అనేసి తెప్పెక్కేడు. ఊళ్ళో సగం మంది అలాగే ఎల్తన్నారు. నా ఒక్క మాట మీద. మరిది తిరిగొచ్చే దాకా ఒడ్డునే కూకున్నాను, పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి, ఈ పిల్ల కాడికి వొచ్చేసేను.

ఏటే, పెన్ను ఆగిపోయింది? తిడితే తరవాత తిట్టు. పోనీలే అత్తా అనకు, అనమని నేనడగను. ముల్లు కదిలింది, నాకంతే సాలు. "ఉందే" అన్న కాడ, లేదు, నేనే తీసేను అని కూడా రాసేవా? ఇది మన ఊళ్ళో కూడా సదవాలి, నువ్వే సదవాలి.

ఏదీ, ముందు నాకు సదువు. మొదట్నుంచి.